నాలుగు వేళ్ల మడత

వించిపేట సందులో నా మిషను
నిరుడు జూన్ నెలంతా ఊరికే కూర్చుంది.
జేబు మీద బొమ్మ ఉండాలన్నారు స్కూలువాళ్లు,
ఫలానా కొట్లోనే కొనాలన్నారు.
శుక్రవారానికి తెల్లజత, తెల్లబూట్లు.

ముఠా కూలి సైదులు
రెండో కూతుర్ని శుక్రవారాలు ఇంట్లోనే ఉంచాడు,
జ్వరమని చెప్పి.

వారం వారం అదేరోజు వచ్చే జ్వరాన్ని
హాజరు పట్టీలో పట్టుకుంది
కొత్త హెడ్మిస్ట్రెస్ ఎస్తేరమ్మ.
మీటింగులో ఒక్కటే అంది:
"నీలం గుడ్డ. ఎక్కడ కొన్నా సరే,
అక్క విడిచిందైనా సరే."

ఇప్పుడు వస్త్రలతలో తాను బేరమాడి తెచ్చి
అంచున నాలుగు వేళ్లు లోపలికి మడిచి కుడుతున్నాను.
ఏడాదికో వేలు విప్పుకోవచ్చు.

నిన్న సైదులు కూతురు తొడుక్కుని చూసి
"కింద బరువుగా ఉందత్తా" అంది.

ఉంటుందమ్మా,
అయిదో తరగతి దాకా పెరగాల్సిన నువ్వు
అందులోనే ఉన్నావు.