తరుగు

ఎనుమాముల యార్డు రెండో గేటు పక్కన
మా అడ్తి దుకాణం మెట్ల కింద సర్వరు.
కిటికీకి తడిపిన గోనెపట్టా వేలాడదీసినం,
గాలి చల్లగ రావాలని.
చల్లదనం ఎనుక ఘాటూ వస్తది.
లినక్సుకు తుమ్ములు రావు,
నాకొస్తయి.

రాత్రి పదకొండు.
తెల్లారితే కొత్త మిర్చికి మొదటి జెండా పాట.
కాంటా మీదికి బస్తా ఎక్కంగనే తక్‌పట్టీ కొట్టే ప్రోగ్రాము
సేటు ఆరు దుకాణాల్ల ఒక్కతీరుగ నడవాలె.
అందుకే ఇమేజి కడుతున్న.
కట్టుడంటే,
అడుగున డెబియన్, దాని మీద లైబ్రరీలు,
వాటి మీద ఒక తెలుగు ఫాంటు,
అన్నిటి మీద నేను రాసిన నాలుగు వందల లైన్లు.

పద్నాలుగు మెట్లల్ల తొమ్మిదో దాని కాడ ఆగింది.
డిస్కు మీద జాగ లేదట.

చూస్తే, పోయిన సీజను నుంచి పడి ఉన్న
పేరు లేని ఇమేజీలు నలభై మూడు.
ఎవరు కట్టిన్రు? నేనే.
ఒక్కోటి ఒక్కో రాత్రి, ఇగ ఇదే ఆఖరు అనుకొని కట్టినయి.
తాలు ఊడ్చినట్టు
ఒక్క కమాండుతోని ఊడ్చిన.

ఫోను చార్జింగు పెట్టుకునేటందుకు ఓదెలు వచ్చిండు.
ముప్ఫై ఏండ్లాయె ఆయన భుజం బస్తాకు అలవాటై.
తెర మీద లైన్లు పోతుంటె నిలబడి చూసి
"ఏందమ్మా, నెట్టు కడుతున్నవా?" అన్నడు.
అవును, నెట్టే.
"నడుమ ఒక్కటి మార్చాలంటె మరి?"
దాని మీదియన్నీ దించాలె, మళ్ళ ఎక్కియ్యాలె.
"గంతే గదా" అన్నడు.
గంత ముచ్చట తెలిసేటందుకు
నాకు రెండేండ్లు పట్టింది.

కట్టుడు అయింది. ఒకటిన్నర జీబీ.
నాలుగు వందల లైన్లకు ఇంత బరువా?
లోపలికి పోయి చూస్తే కంపైలరు, దాని సామాను,
వాడి వదిలేసిన పనిముట్లన్నీ అట్లనే ఉన్నయి.
మిర్చి తూచమంటె
చెరిగిన చాటనూ, కుట్టిన దబ్బనాన్నీ,
కుట్టినోన్నీ కలిపి కాంటా ఎక్కిచ్చినట్టు.
రెండు అంచెలు చేసిన.
మొదటి దాంట్ల తయారు చేసుడు,
రెండో దాంట్లకు సరుకు ఒక్కటే తెచ్చుకునుడు.
ఎనభై ఆరు ఎంబీ.
ఇదీ న్యాయమైన తరుగంటే, అనుకున్న.

అనుకున్నంక
ఆ మాట నోట్లె ఇరుక్కున్నది.

నా ప్రోగ్రాముల రెండొందల పన్నెండో లైను:
మొత్తం బరువుల నుంచి తరుగు తీసెయ్యి.
ఎంత తియ్యాల్నో నేను రాయలే.
కంటెయినరు నడిపేటప్పుడు బయట నుంచి ఇస్తరు, సేటు ఇస్తడు.
పోయినేడు బస్తాకు రెండు కిలోలు.
"ఓదెలు మామా, వట్టి బస్తా ఎంత తూగుతది?"
"కిలోకు తక్కువనే. తడిస్తె కిలో."
నేనింకేం అడగలే. ఆయనింకేం చెప్పలే.
ఫోను మూడు గీతలు ఎక్కంగనే
పీక్కొని పోయిండు.

ఇమేజి గొప్పతనం ఏందంటె
ఈడ నడిచింది ఏడనైనా అట్లనే నడుస్తది.
ఒక్క గ్రాము తేడా రాదు.
తేజ తెచ్చినోనికీ, చపాట తెచ్చినోనికీ,
మొగుళ్లపల్లి నుంచి ట్రాక్టరు మీద
బస్తాల మీదనే కూసొని వచ్చినామెకూ
అదే రెండు.

రెండును ఒకటి చేసుడు నా చేతుల లేదు.
ఆ అంకె ఇమేజి లోపలిది కాదు.
కాగితం మాత్రం నాది.
ఇన్నాళ్లు తక్‌పట్టీ మీద నికర బరువు ఒక్కటే పడేది.
దాని పైన ఇంకో రెండు లైన్లు పెట్టిన:
కాంటా బరువు.
తరుగు.
తెలుగుల, పెద్దక్షరాలల్ల,
అద్దాలు మరిచి వచ్చినా కనవడేటట్టు.

మళ్ళ కట్టుడు షురూ.
అడుగు మెట్లు కదలలే, పాతయే వాడుకున్నది.
ఆరో దాని కాడికి నెట్టు దిగింది,
ఒక్కొక్కటే మళ్ళ ఎక్కింది.

నాలుగు గంటలు. బయట ఎవరో దగ్గుతున్నరు.
ట్రాక్టర్లు గేటు దాకా వరుస కట్టినయి.
ఇమేజికి ఎప్పుడూ "కొత్తది" అని పెడుత,
ఈసారి తేదీ పెట్టిన.
ఏడు గంటలకు సేటు వస్తడు,
ఈ లైను ఎవరు పెట్టమన్నరని అడుగుతడు.

ఆ జవాబు
ఇంకా కట్టలే.