పదకొండు సెంటీమీటర్లు

పొద్దున్నే ఐదింటికి బరమాతో సముద్రానికి కన్నం పెడతాను.
హీయుమా దీవికీ అవతలి గట్టుకీ మధ్య
నీళ్లు గడ్డకట్టిన ఏళ్లలో
వాటి మీద దారి వేసే మనిషిని.
కన్నంలోకి కొలబద్ద దించి, అంకె రాసుకుని,
జూనిపర్ కొమ్మ ఒకటి పాతి, ముందుకు.
ఇరవై రెండు. ఇరవై నాలుగు.
నడిమధ్య, అడుగున ప్రవాహం ఉన్నచోట, పదకొండు.

మొన్న శుక్రవారం రాత్రి రెండింటికి
ఇంకా తెరవని ఆ దారిలో, ఆ పదకొండు మీదుగా
మా కారెల్ మోపెడ్ నడిపాడు.
పదిహేనేళ్లు. వెనక సీటు మీద తావెత్.
ఒడ్డున ఫోన్లు పైకెత్తి ఇంకో ముగ్గురు.
నా కొమ్మలు చూడక కాదు, చూసే వెళ్లాడు.
"ఏమాలోచించావురా?"
"ఏమో నాన్నా."
అబద్ధమనుకున్నాను.
చెయ్యెత్తాను కూడా.
ఎత్తిన చెయ్యి ఏం చెయ్యాలో తెలీక
గోడకున్న టోపీ అందుకుంది.

బడి నర్సు విల్వే నన్ను పిల్లల కుర్చీలో కూర్చోబెట్టి
తన నుదుటి మీద రెండు వేళ్లు ఆనించింది.
"ఇదిగో, ఈ ముందుభాగం అన్నిటికన్నా ఆఖరున కుదురుకుంటుంది, ఉర్మస్.
పాతికేళ్లు పట్టొచ్చు.
సరదా, సిగ్గు, కోపం మాత్రం ఇప్పటికే పొంగి పొర్లుతున్నాయి.
ఒక్కడే ఉంటే వాడూ నీలాగే ఆగేవాడేమో.
నలుగురూ చూస్తుంటే లెక్క మారిపోతుంది.
'ఏమో' అన్నాడంటే, బహుశా నిజమే చెప్పాడు."
పొద్దున్నే లేవడనీ ఫిర్యాదు చేశాను.
"ఈ వయసులో ఒంటికి రాత్రి ఆలస్యంగా అవుతుంది" అంది.
రెండేళ్లుగా నేను దాన్ని బద్ధకం అంటున్నాను.

తిరిగొస్తూ గట్టు పక్కన బండి ఆపి కూర్చున్నాను.
సముద్రమూ అంతే కదా,
అంచులు ముందు, నడుమ ఆఖరున.
ఈ ఉద్యోగంలో ఏనాడూ నేను
పదకొండు సెంటీమీటర్ల మీద నిలబడి
"ఇరవై కావేం, సిగ్గులేదా?" అని అరవలేదు.
కొలిచాను. కొమ్మ పక్కకి జరిపి పాతాను.
మర్నాడు మళ్లీ వచ్చి కొలిచాను.

దారి మొదట్లో బోర్డు మీద నేనే రాసిన మాటలు:
బండికీ బండికీ ఎడం ఉంచండి.
సీటు బెల్టు తీసెయ్యండి.
తలుపు గడియ వెయ్యకండి.
మునిగితే బయటికి రావాలి కదా, అందుకని.
మా ఇంట్లో ఏ తలుపు అలా ఉంచాను వాడికి?

మోపెడ్ తాళం నా జేబులోనే, ఏప్రిల్ దాకా.
అందులో మార్పు లేదు. దానికో తలుపు దడేలుమంది కూడా.

ఆదివారం పదింటిదాకా లేపలేదు.
లేచాక బరమా వాడి చేతికిచ్చాను.
కిలోమీటరు దాకా మాటల్లేవు.
నడిమధ్య కన్నంలోంచి నీళ్లెగజిమ్మి బూట్లు తడిశాయి.
వంగి కొలబద్ద చదివాడు.
"పన్నెండు."
చెప్పకుండానే ఇంకోసారి దించాడు.
"శుక్రవారం ఎంతుంది?"
చెప్పాను.
కొమ్మ పాతుతుంటే చేతులు వణికాయి.
చలి అన్నాడు. చలే అన్నాను.

తిరుగుదారిలో వాడు ముందు నడిచాడు.
వెనక, ఎడం ఉంచి, నేను.