మూడో బటన్

తాళం తిప్పితే
బానెట్ కింద బల్లి పలికింది.
టిక్. టిక్. టిక్.
బల్లి పలికితే నిజమేనని
చిటికేసి “సత్యం” అనేది మా మేనత్త.
స్టీరింగు మీద నేనూ చిటికేసి ఒప్పుకున్నాను:
బ్యాటరీ పోయింది.

బల్లారట్‌లో జూలై.
ఆషాఢమాసంలో అద్దాల మీద మంచు గోకడం
ఆరేళ్లయినా అలవాటు కాలేదు.
ఇంటికొచ్చి మార్చడానికి మూడొందల పది డాలర్లన్నాడు ఫోన్లో మనిషి.
కొట్లో కొనుక్కుంటే నూట అరవై.
బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను,
వాన పడకుండా శాలువా కప్పి.
పక్క సీటావిడ బుగ్గ గిల్లబోయినట్టు వంగి,
ఎర్ర మూత చూసి
కిటికీలోకి తిరిగిపోయింది.

ఈ కారు లెన్ పాస్కో గారిది.
ఎనభై నాలుగో ఏట లైసెన్సు తిరిగిచ్చేసి,
పన్నెండొందలకి నాకమ్మేసి,
నేను పనిచేసే వృద్ధుల ఇంట్లో
పదకొండో నంబరు గదిలో ఉంటాడు.
నిన్న గడ్డం గీస్తుంటే
నురగలోంచి చెప్పాడు:
“నల్లది ముందు విప్పు. నల్లది చివర బిగించు.
మిగతాదంతా బలం.”
తల ఊపకండి, తెగుతుందన్నాను.

గాజులు తీసి గూట్లో పెట్టాను.
తీయకూడదంటారు.
పానాకీ ఇనుముకీ మధ్య బంగారం తగిలితే ఏమవుతుందో
అన్నవాళ్లెవరూ బానెట్ ఎత్తి చూడలేదు.

ఎర్ర కొస మీద మైలుతుత్తం పూసింది,
నీలంగా, పొడిపొడిగా,
ముట్టుకోవద్దన్నంత అందంగా.
పునుకుల పిండిలో వేసే వంటసోడా
వేడినీళ్లలో కలిపి పోశాను.
బుసబుసా పొంగింది.
పాత పళ్లపుల్లతో తోమాను.
నల్లది విప్పాను. తర్వాత ఎర్రది.
పట్టీ నట్టు మాత్రం తుప్పుతో బిగుసుకుని
పదో నంబరు పానా జారి, వేలు చీరుకుని,
అమ్మనాబూతులూ అయిపోయాక
అప్పుడు కదిలింది.
కదిలి, చేతిలోంచి జారి,
ఇంజను లోతుల్లోకి
టంగ్… టింగ్…
కింద నేల మీద మాత్రం పడలేదు.

అరగంట పొట్ట మీద పడుకుని
టార్చి పళ్లమధ్య కరుచుకుని వెతికాను.
దొరికింది నట్టు కాదు,
ఒక పెన్సిల్ ముక్క.
చివర కొరికిన గాట్లు.
నట్టు ఆ తర్వాత దొరికింది.

పాతదాన్ని మోకాళ్ల మీద భారం వేసి ఎత్తాను.
కొత్తదాన్ని దించాను.
ఎర్రది. నల్లది.
చిన్న నిప్పురవ్వ ఒకటి
సరే అన్నట్టు.

తాళం తిప్పితే ఇంజను
పిలవకముందే పలికింది.
నేనొక్కదాన్నే పెరట్లో చప్పట్లు కొట్టుకున్నాను.
ఎదురింటి కుక్క కూడా మెచ్చుకుంది.

అప్పుడు చూశాను.
గడియారం ఒంటిగంట అంటోంది.
రేడియోలో ఆరు బటన్లూ
ఒకే గాలి.
రెండేళ్లుగా నేను మార్చని స్టేషన్లు అవి.
మూడోది నొక్కితే గుర్రప్పందాలు.
ఒక్క గుర్రం పేరూ అర్థం కాకపోయినా
రాత్రి డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు
ఆ పరుగు మాట నన్ను నిద్రపోనిచ్చేది కాదు.
విప్పడానికి ముందు రాసుకోవాలని
నాకు తట్టలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ సాయంత్రం అడిగాను: ఏ నంబరులో వచ్చేది?
ఆలోచించాడు. దుప్పటి మీద వేళ్లు కదిపాడు.
“మూడు” అన్నాడు.
అది బటను, స్టేషను నంబరేదన్నాను.
“మూడే” అన్నాడు, కొంచెం కోపంగా.
జేబులోంచి పెన్సిల్ ముక్క తీసి ఇస్తే
గాట్లు తడిమి, చెవి మీద పెట్టుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం
ఆయన్ని బెల్టు పెట్టి కారులో కూర్చోబెట్టాను.
పాత బ్యాటరీ కాళ్ల దగ్గరే ఉంది,
తుక్కు కొట్టుకి ఇంకా ఇవ్వలేదు.
మీట మెల్లగా తిప్పుతున్నాను.
గొర్రెల ధరలు.
ఎవరో ప్రార్థన.
రేపు వడగళ్లట.
మళ్లీ గాలి.
గాలి వెనకాల ఎక్కడో సన్నగా
ఊపిరాడని గొంతు ఒకటి పరిగెడుతోంది.
ఆయన వేలు నా చేతికంటే ముందే వెళ్లి
మూడో బటన్‌ని నొక్కి పట్టింది,
బీప్ అనేదాకా,
అన్నాక కూడా.

గడియారం ఇంకా సరిచేయలేదు.