మూతలు

బండి కొన్న దినమే చూసినా.
ముందు బంపర్లో అటొకటి ఇటొకటి
అరచేయంత నల్ల ప్లాస్టిక్ మూతలు,
ఇంకా కండ్లు తెరవని కుక్కపిల్ల రెప్పల మాదిరి.
"ఇవేంది?" అంటే షోరూము పిల్లోడు టై సర్దుకున్నాడు.
"పై మోడల్లో అక్కడ ఫాగ్ లైట్లొస్తాయన్నా.
మీది కింది మోడలు."

కింది మోడలే.
పాలు మా వదినవి, బండి నాది, అప్పు ఇద్దరిదీ.
ఇరవైరెండు క్యాన్లు ఘాటెక్కించి
గువ్వలచెరువులో కోవా పొయ్యిలు రాజుకునే పొద్దుకు దించాల.
దానికి పై మోడలు ఎవడిస్తాడు?

మార్గశిరంలో ఒకనాడు, నాలుగో మలుపు దాటినాక
మంచు దిగింది.
నీళ్లు తగలని ఎనుముపాలంత చిక్కన.
"మనోళ్లు ఇంత చిక్కటివి పోస్తే రూపాయి ఎక్కువిద్దును"
అనింది వదిన, ఇంకా నవ్వుతానే.
హైబీము కొట్టినా.
వెలుతురు నాలుగడుగులు పోయి
తిరిగొచ్చి నా మొగాన్నే కొట్టింది.
తెల్ల గోడ. దాని ఎనక ఇంకో తెల్ల గోడ.
లోయ ఉందని తెలుసు, ఎంత దూరమో తెలీదు.

నవ్వు ఆపి దిగింది ఓబుళమ్మ వదిన.
క్యాను మూతొకటి, పాలు కొలిచే గరిటొకటి చేతబట్టి
బండికి ముందు నడిచింది
టంగ్ టంగ్‌మని కొట్టుకుంటా.
ఆమె చీరె రంగు కూడా నాకు కనపళ్లేదు.
సప్పుడు పట్టుకొని ఫస్టు గేర్లో పోయినా.
పైనుంచి దిగుతాండే సిమెంటు లారీ
ఆమెకు మూరెడు దూరంలో ఆగింది.
"బండి కనపళ్లేదు తల్లీ, సప్పుడు ఇనపడింది"
అన్నాడు ఆ డ్రైవరు, స్టీరింగు మీద నుంచి చెయ్యి తీయకుండానే.
ఆ పొద్దు టీ గ్లాసు నా చేతిలో వణికింది.
ఆమె రెండు తాగింది.

రాయచోటి రోడ్డులో దాదాపీర్ షెడ్డు.
"తెల్లవి కావాల, గట్టివి, కొండంతా కనపడాల" అన్నా.
"కొండతో నీకేం పని? అది ఆడే ఉంటాది"
అని పసుపువి తీసినాడు.
"తెలుపు మీద తెలుపు పోస్తే ఏం కనపడతాది?
ఇవి కిందుంటాయి, కిందికే చూస్తాయి."

స్క్రూడ్రైవరు మొన పెట్టి మూత లేపితే
లోపల కందిరీగ మట్టిగూడు, రెండేండ్ల దుమ్ము,
బోల్టులకు బొక్కలు, ముందే కొట్టినవి.
దీపంగూడు కట్టి, దీపం పెట్టకుండా
మూసి పంపినారు.
దాదాపీర్ కూడా పని ఆపి చూసినాడు.

"హెడ్‌లైటు వైరుకే గిల్లి కలిపితే పోలా?"
అనింది వదిన, డబ్బుల సంచి విప్పకుండానే.
"కాలిపోతాదమ్మా. బ్యాటరీ నుంచి ఏరుగా లాగాల.
నడుమ రిలే, ఒక ఫ్యూజు."
రెండువేల నాలుగొందలు.
బేరమాడి రెండువేల మున్నూరు,
పైన అర్ధకిలో కోవా.

షెడ్డు గోడ మీద బొగ్గుతో గీత గీసి
వెలుతురు ఆ గీత దాటనీకుండా నట్లు బిగించినాడు.
"ఎదురొచ్చేటోడి కండ్లల్లో కొట్టినావంటే
వాడికి నువ్వే మంచు."

నల్ల మూతలు వదిన పారేయనీలే.
ఒకటి ఇంట్లో తోడు చెంబు మీదుంది.
ఇంకోటి యాడ పెట్టిందో.

పన్నెండు దినాలు మంచు రాలే,
గొడుగు కొన్న ఏడు వాన రానట్టు.
పదమూడో నాడు వచ్చింది, అదే మలుపులో.
స్విచ్చి వేసినా.
చాపంత పసుపు చక్రాల ముందు పరుచుకుంది.
రోడ్డంచు తెల్లగీత ఒక బారెడు బయటికొచ్చింది.
అది అయిపోతానే ఇంకో బారెడు.
కొండ కనపళ్లేదు. లోయా కనపళ్లేదు.

పక్కన వదిన ఒళ్లో క్యాను మూత.
మలుపు రాగానే చేతులు రెండూ కిటికీ బయటపెట్టి,
టంగ్.
"కనపడతాండాం గదా వదినా, ఇంకా ఎందుకది?"
"నిద్దరపోతా తోలేటోళ్లుంటారు" అనింది.
టంగ్.