యాభై ఒక్క శాతం

మీ కంపెనీలో మీ వాటా
యాభై ఒక్క శాతానికి తగ్గలేదని రుజువేమిటని
పద్నాలుగో పేజీలో అడుగుతుంది ఫారం.
వెర్లీన్ స్టబ్స్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.
"మూడు టిప్పర్లూ నావే బాబూ.
ఆ మిగతా నలభై తొమ్మిదీ ఎవరివో కనుక్కో,
టైర్ల అప్పులో సగం కట్టమంటాను."

నేను నవ్వకూడదు, ఆఫీసు మనిషిని.
రోడ్ల శాఖ, పౌరహక్కుల విభాగం.
ఆరో అంతస్తులో తెరుచుకోని కిటికీ పక్కన
పదకొండేళ్లుగా కూచుని
మనుషుల బతుకుల్ని గళ్లలో పట్టించడం నా ఉద్యోగం.
పట్టకపోతే తిప్పి పంపడం కూడా.

ఈసారి ఫారాలే వాళ్ల గడప తొక్కాలన్నారు పైవాళ్లు.
టొలీడోలో హేజెల్ వీధి, చర్చి నేలమాళిగ.
గొట్టాల్లో ఆవిరి టకటకా కొట్టుకుంటోంది.
నలభై కుర్చీలు వేస్తే పదిహేడు మంది వచ్చారు.
వచ్చినవాళ్లూ తలుపు దగ్గరే కూచున్నారు,
మధ్యలో లేచిపోవడానికి వీలుగా.

వీధి అన్నానుగానీ అది సగం వీధే.
రెండో సగం మీదుగా
వెర్లీన్‌కి ఆరేళ్లప్పుడు హైవే పోయింది.
మంగలి దుకాణం, మందుల షాపు,
వాళ్లమ్మ పీచ్ పళ్లు ఉడకబెట్టి సీసాలకెత్తిన వంటిల్లు,
అన్నీ మ్యాపులో ఒక్క గీత కింద.
ఇప్పుడా గీతను తవ్వి మళ్లీ వేస్తున్నారు.
పనుల్లో ఇంత వంతు మీలాంటి వాళ్లకి
అని చెప్పడానికి వచ్చాను. చెప్పాను.
"మీలాంటి" దగ్గర నాలుక తడబడింది.

వెనక వరసలోంచి ఇసిద్రో కంతూ లేచాడు,
చువ్వలు కట్టీ కట్టీ వేళ్లు వంకరపోయిన మనిషి.
"పనిస్తాం, బాండు తెమ్మంటారు.
బాండుకి పోతే, ఇదివరకు ఏం పని చేశావంటారు."
నా సంచీలో అన్నిటికీ కరపత్రాలున్నాయి,
దానికి తప్ప.

అప్పుడు చెప్పింది వెర్లీన్.
పోయిన వేసవిలో పెద్ద కంట్రాక్టరు మనిషి వచ్చాడట,
డోనట్ల పెట్టె పట్టుకుని.
"మీ పేరు చాలమ్మా, లారీలు మావే తిరుగుతాయి,
కూచున్నచోటికి మూడు శాతం."
ఏమన్నావని అడిగారెవరో.
"డోనట్లు తిన్నాను.
పేరు మా అమ్మ పెట్టింది, అద్దెకివ్వడానికి కాదన్నాను."

ఆ నవ్వుకి కుర్చీలు కాస్త ముందుకు జరిగాయి.
పరపతి సంఘం లెక్కలు చూసే గుడ్‌లో ముసలాయన
చెవి యంత్రం సరిచేసుకుని మళ్లీ చెప్పమన్నాడు.
బాండుకి ఎంత తక్కువైందో
ఆదివారం ప్రార్థనల కాగితం వెనక పెన్సిలుతో కూడాడు.
కంచెలు వెల్డింగ్ చేసే థావో సియోంగ్
తన యార్డులో రెండు బళ్లకి చోటుందన్నాడు.
యూనియన్ నుంచి వచ్చిన అమ్మాయి ఫోను నంబరు రాసిచ్చింది,
పాత లెక్కలకి నాలుగు తిట్లు కూడా తింది.
పది దాటాక కాఫీ అయిపోయింది.
తీర్మానాలేమీ లేవు. వచ్చే మంగళవారం అనుకున్నారు.

ఎన్ని మంగళవారాలో.
కొందరు రావడం మానేశారు.
అప్పు పుట్టక ఇసిద్రో ఇండియానాకి కూలికి పోయాడు.
గుడ్‌లో పూచీకత్తు సంతకం పెట్టిన నెలకి ఆస్పత్రిలో పడ్డాడు,
అక్కణ్ణుంచే ఫోను, బాండు వచ్చిందా అని.
నేను రెండు ఫారాలు తిప్పి పంపాను, ఈ చేత్తోనే.
ఒకదానిలో తేదీ తప్పు, అంతే.

ఏప్రిల్లో ఇంకా తెల్లవారకముందు
మంచు కరిగిన బురదలో నిలబడ్డాను, తనిఖీకి.
వెర్లీన్ మొదటి లోడు కంకర.
టిప్పరు కుయ్యి కుయ్యిమంటూ వెనక్కి వచ్చి
పదహారో స్తంభం దగ్గర ఆగింది.
ఇంజను ఆపేసింది.
దిగలేదు. అద్దం దించి మోచెయ్యి ఆనించి
కిందికి చూసింది,
గుమ్మం ఎటువైపుండేదో గుర్తుపడుతున్నట్టు.
వెనక బళ్లు హారన్లు మోగిస్తున్నాయి.
అప్పుడు లివరు లాగింది.
ఒక వంటింటికి సరిపడా కంకర
జారి, సర్దుకుంది.

చిట్టాలో రాయాలి నేను.
ఆలస్యం: నాలుగు నిమిషాలు.
కారణం అని ఓ గడి ఉంది, చిన్నదే.
పెన్ను చలికి పారలేదు, జేబులో వెచ్చబెట్టి రాశాను:
సొంతదారు స్థలం చూసుకున్నారు.