తోక పట్టుకునేటోడు

పొద్దుగాల ఆరు గంటలు.
ధర్మసాగర్ కట్ట కింద
నీలం డ్రమ్ముల మీద కట్టిన పలకల అంచుకు
బోర్ల పండుకొని,
మోచేతుల దాక నీళ్లల్ల పెట్టి
ఒక పడవ తోక పట్టుకుంట.
ఇదీ నా పని.

విజిల్ ఊదేదాక ఇడువొద్దు.
ఊదినంక రెప్పపాటు గూడ పట్టొద్దు.
నెట్టుడైతే అసల్కే వద్దు.
నెడితే ఆ పిల్లను పోటీలకెల్లి తీసేస్తరు.

నిరుటి దాక ఇండ్ల నేనే కూసునేటోన్ని.
రాష్ట్ర జట్టుకు ముగ్గురు గావాలె,
నేను నాలుగోటోన్ని.
అటెన్క పద్దెనిమిది నిండినయి.

ఈ పడవకు నడుము పట్టేంత సందే ఉంటది.
గట్టిగ తుమ్మితే ఒరుగుతది.
మా నాయిన థర్మాకోల్ తెప్ప మీద
బీడి ముట్టిచ్చుకుంట వల తీస్తడు,
ఒక్కనాడు తడువలే.
నేను మొదటి నెలల ఎన్నిసార్లు పడ్డనో
జక్రయ్య సార్ పంపుహౌజు గోడ మీద గీతలు గీసిండు.
నూటారు కాడ ఆపిండు.
నేర్సుకున్ననని కాదు,
బొగ్గు అయిపోయింది.

పదకొండు మందిమి, రెండు పడవలు.
ఒకదాని కడుపుకు ఎం-సీల్ పట్టీ.

ఈ నీళ్లు గూడ ఈడియి కావు.
యాడనో గోదారి కాడ పంపులు తోడితే
పైపులల్ల గుట్టలెక్కి వచ్చినయి.
అంత ఎత్తు ఎక్కినయి గదా,
ఇంకా ఆయాసం తీరనట్టు
పొద్దుగాల పొగలు కక్కుతయి.

పక్క వరుసల యాకూబ్.
వాని పడవల కూసునుడు లేదు,
ఒక మోకాలు వంచి, ఒక్క దిక్కే తెడ్డెయ్యాలె.
కుడి మోకాలుకు ఇంత కాయ కాసింది.
పెండ్లిసూపులల్ల ఏం జెప్తవురా అంటే
సిగ్గుపడతడు.

ఇయ్యాల నా చేతులల్ల సుప్రజ.
తొమ్మిదో తరగతి, మడికొండ.
ఫైబర్ గోడలకెల్లి ఆమె వణుకు
నా వేళ్లకు ఎక్కుతున్నది.
ఆమె ఎనుకకు తిరిగి సూడది.
సూస్తే బోల్తా.

"అన్నా, ఉన్నవా?"
"ఉన్న."

మళ్ల కొంచెంసేపు ఏం లేదు.
దూరంగ ఎవలో తెప్ప మీద దగ్గిండ్రు.
కొంగ లేచింది.
"అన్నా?"
"ఉన్ననే."

విజిల్.

చేతులు ఇప్పుడంటే ఏముంది,
అందరికొస్తది అనుకుంటం.
ఆరు నెలలు పట్టింది నాకు.
మొదట్ల ఒక వేలు ఆలస్యమయ్యేది,
పిల్లలు తిట్టేటోళ్లు.

రెండు వందల మీటర్లు, యాభై సెకండ్లు.
పండుకున్నోనికి ఏం కనవడతది?
ఒక ఈపు, దాని మీద ఎగిరే జడ,
రెండు దిక్కుల తళుక్కుమనే తెడ్డు రెక్కలు.
అవి గూడ చిన్నగైతయి,
నీళ్ల మీద ఎండ వడి
ఏది ఎవలదో తెల్వదు.

కట్ట మీద లొల్లి లేచింది.
ఎవల పేరు మొత్తుకుంటున్నరో
చెవులల్ల నీళ్లు పోయి సరిగ ఇనవడలే.

లేసి అడుగుదామనుకున్న.
అప్పటికే ఇంకో తోక
చేతులకు వచ్చి తాకింది,
సల్లగ.