కప్పులో తాగుతున్నవాడు

ఇరవై ఆరేళ్ళుగా కలోజెరో మకలూసో
జనం గొంతుకలు చూస్తూ బతికాడు.
పలెర్మోలో, నార్మన్ రాజు తన మేడలోనే కట్టించుకున్న చర్చిలో
అడుగుపెట్టిన ప్రతివాడూ తల వెనక్కి వాల్చి నోరు తెరుస్తాడు.
ఆ తెరిచిన నోళ్ళకి కాపలా
అతని ఉద్యోగం.
"ఫ్లాష్ వద్దు. గోడ ముట్టుకోవద్దు.
అవునమ్మా, అసలు బంగారమే. గాజు కింద."

ఇవాళ తలుపులు మూసి ఉన్నాయి.
చెక్కకి పురుగు పట్టిందేమో చూడ్డానికొచ్చిన నున్సియా
పరంజా మీంచి కేకేసింది:
"కలో బాబాయ్, ఎక్కుతావా?"
మోకాళ్ళు వద్దన్నాయి. ఎక్కాడు.

మొదటి అంతస్తులో గోడ మీది ప్రవక్తలు
ముక్కలు ముక్కలైపోయారు.
కింద నుంచి కరుణ అనుకున్నది
దగ్గరికొస్తే రెండు ఆకుపచ్చ గాజుపెంకులు, ఒక లేతగులాబీది.
ఏదీ తిన్నగా లేదు.
"కావాలనే వంకరగా అతికాడు గ్రీకువాడు," అంది నున్సియా,
"తిన్నగా ఉంటే వెలుతురు ఒక్కడికే పోతుంది."

రెండో అంతస్తు నుంచి నేల కనిపించింది.
ఏ పాత రోమన్ మేడలోంచో ఊడబెరికిన ఊదారంగు స్తంభాల్ని
వంకాయ చక్రాల్లా తరిగి పరిచిన నేల.
రోజూ తను తొక్కేదే.

ఆ పైన, చెక్క.
తేనెపట్టు బోర్లించినట్టు గూట్లో గూడు, గూట్లో గూడు,
ఒక్కో గూట్లో అరచేతంత మనిషి.
ఒంటె మీద ఎవరో. చదరంగం ముందు ఇద్దరు,
ఎత్తు ఎవరిదో ఇంకా తేలలేదు.
చుట్టూ అరబ్బీ అక్షరాలు.
"ఆరోగ్యం, సంపద, దీర్ఘాయువు... మళ్ళీ మళ్ళీ అదే.
పండగ కార్డులో రాసినట్టు."

పాదిరి కింద ద్రాక్షరసం గిన్నె ఎత్తే వేళ
తలెత్తితే కనిపించాల్సిన మూలలో
బాసింపట్టు వేసుక్కూచుని ఒకడు తాగుతున్నాడు.
తలపాగా, కలిసిన కనుబొమలు, చేతిలో కప్పు.
ఎనిమిది వందల ఏళ్ళ పైగా
కప్పుకీ పెదవికీ మధ్య వేలెడు దూరం.

"చూశావా, అందరూ ఎంత కలిసిమెలిసి..." మొదలెట్టాడు కలోజెరో,
టూరిస్టులకి చెప్పే వాక్యం అది.
నున్సియా బ్రష్షు ఆపలేదు.
"కలిసి తిన్నారో లేదో నాకు తెలీదు.
రాజు కూలిచ్చాడు. ఒకే జిగురు వాసన పీల్చారు.
ఈ వడ్రంగుల మునిమనవల్ని
మూటాముల్లెతో ఓడలెక్కించి అవతలి ఒడ్డున దింపారుగా.
కప్పు మాత్రం ఉంచుకున్నారు."

ఎక్కడో పన్నెండు కొట్టింది.
పరంజా మీద కాళ్ళు వేలాడేసి
జిడ్డు కాగితంలోంచి పానెల్లెలు తీశారు,
వేయించిన శనగపిండి పలకలు, నిమ్మరసం పిండినవి.
"ఈ నిమ్మ కూడా వాళ్ళు తెచ్చిందే. నారింజ కూడా.
నారంజ్ అనేవాళ్ళు."
కలోజెరో వేళ్ళు ప్యాంటుకి తుడుచుకున్నాడు,
చెక్కకి నూనె తగలకుండా.

"నీ పేరు గ్రీకు, తెలుసా? మంచి ముసలాయన అని."
"ఇప్పటికి సరిపోయిందిలే."
"ఇంటిపేరు అరబ్బీ. విడుదలైనవాడు."

నమలడం ఆపాడు.
నాన్న, తాత, ఆ పైన చేపలమ్మిన ఇంకో మకలూసో,
ఆ పైన చీకటి.
ఎవరు విడిచిపెట్టారు? ఎక్కణ్ణుంచి?
కోనేటి గట్టున మోకాళ్ళ లోతు బురదలో ఎవడో
పేరు లేకుండా నిలబడి ఉన్నట్టు తోచింది ఓ క్షణం.

దిగాక రిజిస్టర్.
ఎక్కిన సమయం, దిగిన సమయం, పేరు.
మొదటి రెండూ చకచకా రాశాడు.

మర్నాడు పొద్దున ఓ పిల్ల నోరు తెరిచి పైకి చూస్తోంది.
"ఆ మూల, మూడో గూడు," అన్నాడు మెల్లిగా,
"వాడికింకా దాహం తీరలేదు."
"కనిపించట్లేదు," అంది పిల్ల.
"ఉన్నాడు."